సెల్ఫ్ గోల్ కొట్టిన డిఫెండర్

మా ఇల్లు భివండీలో వరాలా తలావ్ దగ్గర. పొద్దున లేచేసరికే సాంచల చప్పుడు మొదలవుతుంది. పుస్తకాల్లో వాటిని మరమగ్గాలు అంటారు, మా ఇళ్లల్లో మాత్రం సాంచలే. మా తాత సిరిసిల్ల వైపు నుంచి ఈ పనికోసమే ఇక్కడికి వచ్చాడు. నాన్న కూడా సాంచల మీదే పనిచేస్తాడు. అమ్మ ఇంట్లో కండెలు చుడుతుంది. నేను పదో తరగతి. మా స్కూల్ అమ్మాయిల ఫుట్‌బాల్ టీంలో డిఫెండర్‌ని.

నిజం చెప్పాలంటే, డిఫెండర్‌ని "అయ్యుండేదాన్ని" అని రాయాల్సింది. ఎందుకంటే పోయిన డిసెంబరులో ఒక ఇంటర్ స్కూల్ మ్యాచ్‌లో మా గోల్‌లోకి నేనే బంతి కొట్టుకున్నాను. అవతలి అమ్మాయి పాస్ ఇచ్చింది, నేను దాన్ని బయటికి తన్నబోయాను, అది నా కాలికి అడ్డంగా తగిలి మా కీపర్ పక్కనుంచి లోపలికి పోయింది. దీన్ని సెల్ఫ్ గోల్ అంటారు. మ్యాచ్ 1-0తో ఓడిపోయాం. ఆ ఒక్క గోల్ నాదే. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు ఎవరూ నాతో మాట్లాడలేదు. మరుసటి రోజు నా టీం షర్టు ఉతికి, మడతపెట్టి తీసుకెళ్లి మా పి.టి. సార్‌కి ఇచ్చేశాను.

సార్ షర్టు తీసుకున్నారు. తిట్టలేదు, బుజ్జగించలేదు. "సరే తల్లీ. మ్యాగజైన్‌కి ఒక చరిత్ర వ్యాసం కావాలని మీ తెలుగు మేడం అడుగుతున్నారు. బ్రాండీ చాస్టెయిన్ అని ఒక డిఫెండర్ ఉండేది. ఆమె గురించి చదివి రాసుకురా. ఈ షర్టు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. ఈ వ్యాసం వెనక కథ అది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం

బ్రాండీ గురించి చెప్పే ముందు అమ్మాయిల ఫుట్‌బాల్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. చదువుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఎందుకంటే దాని పాత కథల్లో ఒకటి మన భివండీలాంటి ఊళ్లోదే.

ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ అనే ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ నూలు మిల్లులు చాలా ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు యుద్ధానికి వెళ్లడంతో ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో పనికి చేరారు. డిక్ కెర్ అనే కంపెనీలో పనిచేసే అమ్మాయిలు భోజనం విరామంలో బంతి ఆడేవాళ్లు. వాళ్లే ఒక టీం కట్టారు. దాని పేరు డిక్ కెర్ లేడీస్. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ల మ్యాచ్ చూడటానికి దాదాపు 53,000 మంది వచ్చారు. అంతమంది చూడాలని వచ్చిన ఆటను ఎవరైనా పెంచి పోషిస్తారు అనుకుంటాం కదా?

జరిగింది వేరు. తర్వాతి ఏడాదే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకు తగదని చెప్పి, తన కింద ఉన్న క్లబ్బులేవీ వాళ్లకు మైదానాలు ఇవ్వకూడదని తీర్మానం చేసింది. 1970ల మొదట్లో గానీ ఆ నిషేధం పోలేదు. అంటే సుమారు 50 ఏళ్లు. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇలాంటి నిషేధమే ఉంది. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే బ్రెజిల్‌లో కూడా 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం చట్టం ప్రకారం తప్పు.

వీళ్లెవరూ సెల్ఫ్ గోల్ కొట్టలేదు. ఏ తప్పూ చేయలేదు. అయినా వాళ్లను మైదానం నుంచి పంపించేశారు. ఈ మాట గుర్తుంచుకోండి, వ్యాసం చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

శాన్ హోజే అమ్మాయి

బ్రాండీ చాస్టెయిన్ 1968 జులై 21న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్ హోజే అనే ఊళ్లో పుట్టింది. ఆమెకు నాలుగేళ్లు నిండబోతుండగా, 1972 జూన్ 23న, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాన్ని టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ స్కూల్లోనూ, కాలేజీలోనూ ఆడ, మగ అని తేడా చూపించకూడదని ఆ చట్టం చెప్పింది. అందులో ఫుట్‌బాల్ అనే మాట లేదు. కానీ అబ్బాయిలకు టీం ఉంటే అమ్మాయిలకూ అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. ఆ చట్టానికి ముందు 1971-72లో అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల కంటే తక్కువ. ఇప్పుడు 30 లక్షలు దాటారు. మన చరిత్ర పుస్తకంలో చట్టాల తేదీలు చూస్తే నాకు నిద్ర వచ్చేది. ఒక చట్టం వల్ల ఒక చిన్నపిల్ల కాళ్ల దగ్గరికి బంతి వచ్చిందని చదివాక అలా అనిపించడం లేదు.

బ్రాండీ చిన్నప్పటి సంగతి ఒకటి నాకు బాగా నచ్చింది. ఆమె గోల్ కొడితే వాళ్ల తాతయ్య ఒక డాలర్ ఇచ్చేవాడట. వేరే అమ్మాయి గోల్ కొట్టడానికి బంతి అందిస్తే ఒకటిన్నర డాలర్ ఇచ్చేవాడట. అందించినవాళ్లకే ఎక్కువ! ఇది మా నానమ్మకి చెప్తే, "ఆ తాత తెలివైనోడు బిడ్డా" అంది.

ముందు వరస నుంచి వెనక వరసకి

మొదట్లో బ్రాండీ డిఫెండర్ కాదు, ఫార్వర్డ్. ఫార్వర్డ్ అంటే ముందు ఉండి గోల్స్ కొట్టే ఆటగత్తె. 1986లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, ఆ ఏడాది దేశంలోని మొదటి సంవత్సరం విద్యార్థినుల్లో ఉత్తమ క్రీడాకారిణిగా పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు అయ్యాయి. రెండు సీజన్లు ఆడలేకపోయింది. తర్వాత శాంటా క్లారా విశ్వవిద్యాలయానికి మారి మళ్లీ మొదలుపెట్టింది.

1988లో ఆమెకు అమెరికా జాతీయ జట్టులో చోటు దొరికింది. ఆ జట్టు తన మొదటి మ్యాచ్ ఆడిందే 1985లో, అంటే అప్పటికి మూడేళ్ల జట్టు. 1991 ఏప్రిల్‌లో మెక్సికోతో జరిగిన ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో ఆమె మధ్యలో సబ్‌స్టిట్యూట్‌గా దిగి వరసగా 5 గోల్స్ కొట్టింది. అమెరికా 12-0తో గెలిచింది. అదే ఏడాది చివర్లో చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్‌ను అమెరికా గెలిచింది. ఆ జట్టులో బ్రాండీ కూడా ఉంది గానీ ఎక్కువ మ్యాచ్‌లు ఆడే అవకాశం రాలేదు.

ఆ తర్వాత అసలు జట్టులోంచే పోయింది. 1993లో జపాన్ వెళ్లి అక్కడి లీగ్‌లో ఒక సీజన్ ఆడింది. 1995లో స్వీడన్‌లో రెండో ప్రపంచ కప్ జరిగినప్పుడు అమెరికా జట్టులో ఆమె పేరు లేదు. ఒకప్పుడు ఒకే మ్యాచ్‌లో 5 గోల్స్ కొట్టిన మనిషి, 27 ఏళ్లు నిండే సమయానికి, బయట ఉంది.

1996 ఒలింపిక్స్ ముందు ఆమె మళ్లీ జట్టులోకి రావాలని ప్రయత్నించింది. కోచ్ టోనీ డిచికో ఆమెను డిఫెండర్‌గా ఆడమన్నాడు. ఇక్కడ నేను కొంచెంసేపు ఆగి ఆలోచించాను. మా టీంలో కూడా అందరికీ ముందు ఆడాలని ఉంటుంది. వెనక ఆడమంటే మొహం మాడ్చుకుంటారు. నన్ను డిఫెండర్‌ని చేసినప్పుడు మా నానమ్మ, "ఎన్కకు నిలబడెటోళ్లకు ఏం పేరొస్తది బిడ్డా?" అని అడిగింది. అప్పుడు నాకు జవాబు తెలియలేదు.

బ్రాండీ ఒప్పుకుంది. కొత్త చోట ఆట కొత్తగా నేర్చుకుంది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళల ఫుట్‌బాల్ పెట్టారు. నార్వేతో సెమీ ఫైనల్‌లో ఆమె మోకాలికి దెబ్బ తగిలింది. అయినా ఫైనల్ ఆడింది. ఆగస్టు 1న 76,000 మందికి పైగా జనం ముందు అమెరికా 2-1తో చైనాని ఓడించి బంగారు పతకం గెలిచింది. ఫార్వర్డ్‌గా పోయిన చోటు డిఫెండర్‌గా తిరిగొచ్చింది.

ఐదో నిమిషం

ఇప్పుడు మా సార్ నన్ను ఎందుకు ఈమె గురించి రాయమన్నారో చెప్తాను.

1999లో మహిళల ప్రపంచ కప్ అమెరికాలో జరిగింది. 16 జట్లు వచ్చాయి. జులై 1న వాషింగ్టన్ పక్కన ల్యాండోవర్ అనే ఊళ్లో అమెరికా, జర్మనీల మధ్య క్వార్టర్ ఫైనల్. స్టేడియంలో 54,000 మందికి పైగా ఉన్నారు. ఆ దేశ అధ్యక్షుడు బిల్ క్లింటన్ కూడా వచ్చాడు. ఓడినవాళ్లు ఇంటికి పోవాలి.

ఐదో నిమిషం. బంతి బ్రాండీ దగ్గర ఉంది. పెద్ద ప్రమాదం ఏమీ లేదు. ఆమె బంతిని వెనక్కి, తమ గోల్ కీపర్ బ్రియానా స్కరీ వైపు నెట్టింది. కానీ స్కరీ అప్పటికే బంతికోసం ముందుకు వచ్చేసింది. బ్రాండీ అది చూడలేదు. బంతి స్కరీని దాటి దొర్లుకుంటూ ఖాళీ గోల్‌లోకి పోయింది. జర్మనీ 1, అమెరికా 0. సెల్ఫ్ గోల్.

ఈ వాక్యం రాస్తుంటే నా చేతులు చల్లబడ్డాయి. నాది స్కూల్ మ్యాచ్, చూసినవాళ్లు వంద మంది కూడా ఉండరు. ఆమెది ప్రపంచ కప్, సొంత దేశంలో, దేశాధ్యక్షుడి ముందు.

అప్పుడు కెప్టెన్ కార్లా ఓవర్‌బెక్ ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె కూడా డిఫెండరే. దాని గురించి బాధపడకు, ఇంకా చాలా సమయం ఉంది, మనం గెలుస్తాం అనే అర్థం వచ్చేలా మాట్లాడింది. అంతే. ఆట మళ్లీ మొదలైంది.

16వ నిమిషంలో టిఫినీ మిల్‌బ్రెట్ గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. మొదటి సగం ముగుస్తుండగా జర్మనీ తరఫున బెటీనా వీగ్‌మన్ గోల్ కొట్టింది. 2-1తో అమెరికా వెనకబడి విరామానికి వెళ్లింది. రెండో సగం మొదలైన కాసేపటికే, 49వ నిమిషంలో, కార్నర్ కిక్ నుంచి వచ్చిన బంతిని బ్రాండీ జర్మనీ గోల్‌లోకి కొట్టింది. 2-2. కొట్టి నేల మీద వెల్లకిలా పడుకుండిపోయింది. 66వ నిమిషంలో ఇంకో డిఫెండర్ జోయ్ ఫాసెట్ తలతో గోల్ కొట్టింది. 3-2తో అమెరికా గెలిచింది.

చాలామంది ఈ కథని "తప్పు చేసింది, తర్వాత సరిదిద్దుకుంది" అని చెప్తారు. నాకు మాత్రం ఆ 5వ నిమిషానికీ 49వ నిమిషానికీ మధ్య జరిగినదే ముఖ్యం అనిపించింది. ఆ మధ్యలో ఆమె గోల్ కొట్టలేదు. తన చోట తాను నిలబడి, వచ్చిన బంతినల్లా ఆపుతూ ఉంది. కోచ్ ఆమెను బయటికి పిలవలేదు. కెప్టెన్ మొహం తిప్పుకోలేదు. ఆమె కూడా షర్టు విప్పి ఇచ్చేయలేదు, నాలాగా.

ఇది నాన్నకి చెప్పినప్పుడు ఆయన సాంచల భాషలో చెప్పాడు: "పోగు తెగుడు రోజూ ఉండేదే. తెగినంక సాంచ ఆపి, ముడేసి, మళ్లా నడపాలె. తెగింది చూడకుంట నడిపితె గుడ్డంత తప్పు పడ్తది. తెగిందని ఇంటికి పోతె కూలీ పోతది." నాన్న ఎప్పుడూ ఫుట్‌బాల్ చూడలేదు. అయినా విషయం అదే.

రోజ్ బౌల్

సెమీ ఫైనల్‌లో అమెరికా 2-0తో బ్రెజిల్‌ని ఓడించింది. ఒకసారి గమనించండి. జర్మనీ, బ్రెజిల్ రెండూ ఒకప్పుడు ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ని ఆపేసిన దేశాలే. ఆ దేశాల అమ్మాయిలే ఇప్పుడు ప్రపంచ కప్‌లో ఆడుతున్నారు.

ఫైనల్ 1999 జులై 10న కాలిఫోర్నియాలోని పసాదేనాలో, రోజ్ బౌల్ స్టేడియంలో, చైనాతో జరిగింది. చూడటానికి వచ్చినవాళ్లు 90,185 మంది. 90 నిమిషాలు అయిపోయినా ఎవరూ గోల్ కొట్టలేదు. అదనపు సమయంలో చైనా క్రీడాకారిణి ఫాన్ యున్‌జియే తలతో కొట్టిన బంతి గోల్‌లోకి వెళ్లబోతుంటే, గీత దగ్గర నిలబడిన క్రిస్టీన్ లిల్లీ దాన్ని తలతోనే బయటికి పంపింది. లిల్లీ మిడ్‌ఫీల్డర్. కానీ ఆ క్షణంలో చేసింది డిఫెండర్ పని. 120 నిమిషాలకీ 0-0. ఇక పెనాల్టీలు.

చైనా మూడో కిక్ లియు యింగ్ కొట్టింది. స్కరీ ఎడమ వైపు దూకి ఆపేసింది. మిగతా నాలుగూ చైనా వాళ్లు గోల్ చేశారు. అమెరికా తరఫున ఓవర్‌బెక్, ఫాసెట్, లిల్లీ, మియా హ్యామ్ అందరూ కొట్టారు. 4-4. ఐదో కిక్ బ్రాండీది. అది లోపలికి పోతే ప్రపంచ కప్.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. బ్రాండీది కుడికాలి వాటం. అదే ఏడాది మొదట్లో చైనాతో జరిగిన ఒక మ్యాచ్‌లో ఆమె కొట్టిన పెనాల్టీ పై కడ్డీకి తగిలి బయటికి పోయింది. అప్పటి నుంచి ఎడమ కాలితో కూడా కొట్టడం ప్రాక్టీస్ చేసింది. ఫైనల్ రోజు ఎడమ కాలితోనే కొట్టమని కోచ్‌లు చెప్పారు. ఎదురుగా ఉన్నది మళ్లీ అదే చైనా కీపర్ గావ్ హాంగ్. బ్రాండీ ఎడమ కాలితో కొట్టింది. బంతి కుడి వైపు పైన వలకి తగిలింది.

గెలిచిన సంతోషంలో ఆమె మగ ఆటగాళ్లలాగే జెర్సీ తీసి గాల్లో తిప్పి మోకాళ్ల మీద కూలబడింది. ఆ ఫొటో ప్రపంచమంతా పత్రికల ముఖచిత్రం అయింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తప్పుపట్టారు. ఇప్పటికీ ఆమె పేరు చెప్తే చాలామందికి ఆ ఫొటో ఒక్కటే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆ ఐదు పేర్లు గుర్తుండిపోయాయి. ఓవర్‌బెక్, ఫాసెట్, చాస్టెయిన్. ఐదుగురిలో ముగ్గురు డిఫెండర్లు! నానమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది.

ఆ తర్వాత

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బ్రాండీ జట్టు నార్వే చేతిలో ఓడి వెండి పతకం తెచ్చుకుంది. 2001లో అమెరికాలో మహిళలకు మొదటి ప్రొఫెషనల్ లీగ్ మొదలైతే, బ్రాండీ ఆడిన శాన్ హోజే జట్టే ఆ ఏడాది విజేత అయింది. కానీ డబ్బు సరిపోక 2003లో ఆ లీగ్ మూతపడింది. 90,000 మంది చూసిన ఆట నాలుగేళ్లకే డబ్బు లేక ఆగిపోయిందంటే మీకు 1920 గుర్తు రావడం లేదా? 2003 ప్రపంచ కప్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఆమె పాదం ఎముక విరిగింది. 2004లో ఏథెన్స్‌లో మళ్లీ ఒలింపిక్ బంగారం గెలిచింది. ఆ ఏడాదితో దేశం తరఫున ఆట ముగిసింది. మొత్తం 192 మ్యాచ్‌లు, 30 గోల్స్. 2009లో కొత్త లీగ్ వస్తే 40 ఏళ్ల వయసులో కూడా ఆడింది. 2010లో పూర్తిగా విరమించుకుంది.

రిటైర్ అయ్యాక చేసిన పనులు కూడా చెప్పాలి. చిన్నపిల్లలు తలతో బంతిని కొట్టడం వల్ల మెదడుకు హాని జరగవచ్చని, దాన్ని ఆపాలని ప్రచారం చేసింది. 2016లో, చనిపోయాక తన మెదడును ఆ పరిశోధనకే ఇస్తానని ప్రకటించింది. తలతో కొట్టడం డిఫెండర్ల పనుల్లో పెద్ద పని కాబట్టి ఆమెకు అది బాగా తెలుసు. 2019 జులై 10న, సరిగ్గా 20 ఏళ్ల తర్వాత, రోజ్ బౌల్ బయట ఆమె విగ్రహం పెట్టారు. 2023లో ముగ్గురు పాత సహచరులతో కలిసి శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతానికి బే ఎఫ్‌సీ అనే మహిళల క్లబ్ తీసుకొచ్చింది. తనకి దొరికిన మైదానం తర్వాతి అమ్మాయిలకూ ఉండాలని చేసిన పనిలాగే అది నాకు కనిపించింది.

మన దగ్గర

"అమెరికా సంగతి సరే, మన దగ్గర ఏముంది?" అని మా అక్క అడిగింది. ఉంది.

భారత మహిళల ఫుట్‌బాల్ సంఘం 1975లో ఏర్పడింది. అంటే అమెరికా జట్టు పుట్టక ముందే మన దగ్గర అమ్మాయిలు జాతీయ పోటీలు ఆడారు! 1980లో కోజికోడ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో, మళ్లీ 1983లోనూ భారత్ రెండో స్థానంలో నిలిచింది. 1983లో శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది. మణిపూర్‌కు చెందిన బెంబెం దేవికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మణిపూర్‌కే చెందిన ఆశాలతా దేవి డిఫెండర్, భారత జట్టు కెప్టెన్‌గా కూడా చేసింది. 2024 అక్టోబరులో ఖాట్మండులో పాకిస్తాన్‌తో ఆడినప్పుడు, 100 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన తొలి భారత మహిళ అయింది. మన తెలుగు అమ్మాయి కూడా ఉంది. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఫార్వర్డ్. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి కూడా వెళ్లింది. నిజామాబాద్ మా తాత ఊరికి ఎంతో దూరం కాదు.

ఇంకో సంగతి మనకి ఇంకా దగ్గరిది. 2022 అక్టోబరు 30న, మన జిల్లాలోనే, నవీ ముంబైలోని డి.వై. పాటిల్ స్టేడియంలో అండర్-17 మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. స్పెయిన్ 1-0తో కొలంబియాని ఓడించింది. ఆ ఒక్క గోల్ ఎలా వచ్చిందో తెలుసా? 82వ నిమిషంలో కొలంబియా డిఫెండర్ ఆనా మరియా గుస్మాన్ కాలికి తగిలి సొంత గోల్‌లోకి పోయింది. నా మ్యాచ్ లాగే, 1-0, సెల్ఫ్ గోల్.

ఆమెకు బ్రాండీలాగా ఇంకా 85 నిమిషాలు లేవు. ఎనిమిదే ఉన్నాయి. సరిదిద్దుకునే అవకాశం రాలేదు. కప్పు పోయింది. కానీ తర్వాత కొన్ని నెలలకే, 2023లో, జర్మనీలోని బయర్న్ మ్యూనిక్ క్లబ్ ఆమెను తీసుకుంది. ఒకప్పుడు ఆడవాళ్లని ఫుట్‌బాల్ ఆడనివ్వని దేశంలోని పెద్ద క్లబ్ అది. ఒక్క గోల్ చూసి ఆమెను లెక్కగట్టలేదు.

నాకు అర్థమైనది

మొదట్లో చెప్పిన మాట దగ్గరికి వస్తున్నా. 1921లో ప్రెస్టన్ అమ్మాయిలు ఏ తప్పూ చేయకపోయినా మైదానం పోగొట్టుకున్నారు. 1999లో బ్రాండీ అందరి ముందూ పెద్ద తప్పు చేసినా మైదానంలోనే ఉంది. ఈ రెండిటి మధ్య ఉన్న తేడానే మహిళల ఫుట్‌బాల్ చరిత్ర అని నాకు అనిపిస్తోంది. గెలిచినవాళ్లకి మైదానం ఎప్పుడూ దొరుకుతుంది. తప్పు చేసినవాళ్లని కూడా ఉండనిస్తేనే అది నిజంగా వాళ్ల మైదానం అయినట్టు.

మా దగ్గర ఎవరూ నిషేధం పెట్టలేదు. కానీ మా టీంలో నాకంటే పెద్దవాళ్లయిన అక్కలు పదో తరగతి అయిపోగానే ఒక్కొక్కరే మానేశారు. ఒకామె కండెలు చుడుతోంది, ఒకామెకి పెళ్లి కుదిరింది, ఒకామె కాలేజీ దూరమని ఆటలు వదిలేసింది. వాళ్లందరూ నాకంటే బాగా ఆడేవాళ్లు. ఒక్కరు కూడా సెల్ఫ్ గోల్ కొట్టలేదు. నేను ఈ సంగతి ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. మా ఇంట్లో కూడా అమ్మ ఒక్కతే ఎంత పని చేస్తుందో నాకు తెలుసు. అమ్మానాన్నలు ఈ మ్యాగజైన్ చదువుతారు కాబట్టి రాస్తున్నాను, అంతే.

వ్యాసం పూర్తయ్యాక సార్‌కి చూపించాను. మొత్తం చదివారు. రెండు అక్షర దోషాలు దిద్దారు. తర్వాత బీరువా తెరిచి నా షర్టు తీసి టేబుల్ మీద పెట్టారు. నేను మడిచిన మడత అలాగే ఉంది. "సాయంత్రం ఐదింటికి తలావ్ దగ్గర గ్రౌండ్‌కి రా" అన్నారు.

వెళ్లాను. ఆటోలో నాతో మాట్లాడని అమ్మాయే నాకు మొదటి బంతి పాస్ చేసింది. నేను దాన్ని కంగారుపడకుండా, ముందు మా కీపర్ ఎక్కడుందో చూసి, వెనక్కి ఇచ్చాను.

ఇంటికొచ్చాక అమ్మని అడిగాను, "పది అయినంక కూడా ఆడుకోనిస్తవా అమ్మా?" అని. అమ్మ కండె చుడుతూనే, "ముందు పరీక్షలు రాయి, చూద్దాం" అంది. వద్దు అనలేదు.